పదో నమూనా

నా పరిశోధనకు పదిమంది ఆరోగ్యవంతుల రక్తం కావాలి. ఒక్కటి తగ్గినా ఈ ఏడాది థీసిస్ ఇవ్వలేను. పదోది మా బాపుది.

వైరస్ సోకితే తెల్ల రక్తకణంలో జన్యువులు మారవు. వాటిని పనిలోకి దింపే ఎన్‌హాన్సర్లనే డీఎన్‌ఏ భాగాల తీరు మారుతుంది. మూసుకుని ఉన్నవి కొన్ని తెరుచుకుంటాయి. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లనే ప్రొటీన్లు వచ్చి అక్కడ అతుక్కుంటాయి. డెంగీ రోగుల్లో ఇది కనిపించింది. తొమ్మిదిమంది ఆరోగ్యవంతుల్లో కనిపించలేదు. బాపులో కనిపించింది.

ట్యూబులు తారుమారయ్యాయనుకున్నాను. కరీంనగర్ ల్యాబులో మిగిలిన కణాలతో మళ్లీ చేశాను. అదే ఫలితం. ఆదివారం సిరిసిల్ల బస్సెక్కాను.

"బాపూ, రక్తం తీసిన్నాడు నీకు జ్వరమున్నదా?"

"నాకేం జ్వరం? దున్నపోతు లెక్కున్న."

అమ్మ వంటింట్లోంచి అందుకుంది. "అవును, దున్నపోతే! రెండు గోలీలు మింగి సాంచాల కాడికి పోయిండు. ఇంటికొచ్చి మూడు చెద్దర్లు కప్పుకున్నడు."

"నువ్వు జర ఊకో."

"ఎందుకు చెప్పలే బాపూ?"

"మంచిగున్నోళ్ల రక్తం గావాలంటివి. నా బిడ్డ అడిగినంక, నేను మంచిగ లేనని ఎట్ల చెప్పాలె?"

ఆ రోజు మరమగ్గాల షెడ్డు నుంచి నేరుగా ల్యాబుకు వచ్చాడు. రక్తం తీయడానికి నేను పట్టీ కట్టేటప్పుడు చేయి కాలుతోంది. ఎనిమిది గంటలు సాంచాల మధ్య నిలబడ్డ చేయి వేడిగానే ఉంటుందనుకున్నాను. చిన్నప్పటి నుంచీ నాకు ఆయన చేయి అంటే వేడి చేయే. మిగతా తొమ్మిదిమందికీ థర్మామీటరు పెట్టాను. ఆయనకు పెట్టలేదు. అది నమ్మకమా, తెలుసుకోకూడదన్న కోరికా, ఇప్పటికీ తేల్చుకోలేను.

"అయితే గిప్పుడు తియ్యి. జ్వరం ఎప్పుడో పోయింది," అని బాపు చేయి చాపాడు.

"జ్వరం పోయినా కణాలు జల్ది మరువకపోవచ్చు బాపూ. నీది పనికిరాదు."

ఆయన చేయి కాసేపు అలాగే ఉంది. తర్వాత చొక్కా చేయి కిందికి లాక్కున్నాడు.

సోమవారం ఫారంలో పదో నమూనాను కొట్టేశాను. కారణం గడిలో 'దాత జ్వరం దాచారు' అని రాశాను. చదువుకున్నాను. దాన్ని కొట్టేసి, 'రక్తం తీసినవారు జ్వరం చూడలేదు' అని రాసి, సంతకం పెట్టాను.