గ్రేసమ్మ కుడి చెవి

పొద్దున్నే పాలబండి చప్పుడు వినపడగానే రాళ్ళపేట మూడో వీధిలో ఆడవాళ్ళు బిందెలు గోడవారకి జరుపుకుంటారు. నూనె సీసాలకి, పచ్చడి జాడీలకి ఇటుకముక్కలు అడ్డం పెడతారు. మంచాల అంచున నిద్రపోయే పిల్లల్ని లోపలికి దొర్లిస్తారు. కోళ్ళు వాటంతట అవే దడికి ఆనుకుని నిలబడతాయి. అప్పుడు చిల్లరకొట్టు కోటేశ్వరమ్మ షట్టరు సగం ఎత్తి, ఎదురింటికి కేకేస్తుంది.

"గ్రేసమ్మక్కా! లేచావా? ఇంక కుడిపక్కకి తిరుగు. నీళ్ళు నా గడప ఎక్కినయ్."

లోపల మంచంలో గ్రేసమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని కుడిపక్కకి తిరుగుతుంది. ఆమె తల గిర్రున తిరుగుతుంది. తలతోపాటు వీధి కూడా వాగువైపు వాలుతుంది. రాత్రంతా మురుక్కాలవలో నిలిచిన నల్లనీళ్ళు ఒక్కసారిగా జారి వాగులో పడతాయి. కాసేపటికి తల ఆగుతుంది, వీధి సమానమవుతుంది. బయట అందరూ బిందెలు మళ్ళీ యథాస్థానంలో పెట్టుకుంటారు. లోపల గ్రేసమ్మ మంచం కిందున్న బేసిన్‌లో వాంతి చేసుకుంటుంది.

ఆ కాలవ సర్పంచి సుధీర్ బాబు తవ్వించింది. వాటం చూసుకోకుండా తవ్విస్తే రెండువైపుల నీళ్ళూ వచ్చి వీధి మధ్యలో, కొట్టు ముందు చేరేవి. జనం పోయి అడగబోతుండగానే గ్రేసమ్మకి ఈ తిరుగుడు మొదలైంది. సర్పంచికి మళ్ళీ తవ్వించే పని తప్పింది. గ్రేసమ్మ కొడుకు మనోజ్‌ని తన ట్రాక్టరుకి డ్రైవరుగా పెట్టుకున్నాడు. పండక్కి ఆమెకి శాలువా కప్పి, "మా వీధికి తల్లి" అని మైకులో చెప్పాడు.

ఆ తల్లి అంతకుముందు ఆకుకూరలమ్మేది. గంప మీద చెయ్యి వెయ్యకుండా గోంగూర, చుక్కకూర నెత్తిన పెట్టుకుని శావల్యాపురం రోడ్డు దాకా నడిచేది. ఇప్పుడు పైకి చూస్తే పడిపోతుంది, కిందికి వంగితే పడిపోతుంది. రెండేళ్ళుగా గంప అటక మీదే ఉంది. ఆర్‌ఎంపీ డాక్టరు చూసి వయసన్నాడు. పాస్టరుగారు ప్రార్థన చేసి వయసన్నారు. కన్నకొడుకు చూడకుండానే వయసన్నాడు. ఆ మాట వింటే ఎవరో మొహాన ఉమ్మినట్టుండేది గ్రేసమ్మకి.

ఆ వర్షాకాలం వారంరోజులు ముసురు పట్టింది. పొద్దున ఒకసారి సరిపోలేదు. మధ్యాహ్నం తిప్పించారు, సాయంత్రం తిప్పించారు. దీపాల వేళ లేవబోయి గ్రేసమ్మ రోలు మీద పడింది. పెదవి చీలింది, ముందు పన్ను ఊడింది. వీధిలో ఒక్కరూ వచ్చి చూడలేదు. తెల్లారి కోడలు జాస్మిన్ తడిగుడ్డతో నెత్తురు తుడుస్తుంటే షట్టరు లేచింది.

"అక్కా! కుడిపక్కకి!"

గ్రేసమ్మ కోడలి భుజం పట్టుకుని గుమ్మందాకా వచ్చింది.

"ఏమే కోటేశ్వరమ్మా! నీ బియ్యం బస్తాలు తడవకుండా ఉండాలంటే నా పేగులు నోట్లోకి రావాల్నా?"

"అదేంది అక్కా అట్టా అంటావు? నీకు ఎట్టాగూ తిరుగుద్దిగా. ఊరికే పోయే తిరుగుడు నలుగురికీ పనికొచ్చేటప్పుడు తిప్పమంటున్నాం."

"నా మూతి చూశావా?"

"చూశా. ఎడంపక్కేగా వాచింది? కుడిపక్కకి పండుకోవచ్చు."

గ్రేసమ్మ చేతికందిన చెంబు విసిరింది. అది కొట్టుదాకా పోలేదు, కాలవలో పడింది.

"నేను ఆస్పత్రికి పోతా," అంది.

మనోజ్ పళ్ళపుల్ల నోట్లోంచి తీశాడు. "అమ్మా, నీకు నయమైతే నా పని సంగతేంది? సర్పంచి ఊరుకుంటాడా?"

"మీ సర్పంచి కాలవ మీ సర్పంచినే తవ్వుకోమను. నా తల ఆయన సొంత బోరుమోటారు కాదు, ఎప్పుడంటే అప్పుడు తిప్పుకోటానికి."

మనోజ్ భార్య వైపు చూశాడు, నువ్వన్నా చెప్పు అన్నట్టు. జాస్మిన్ తడిగుడ్డ పిండి తీగె మీద ఆరేసింది. "అత్తా, చీర మార్చుకో. నరసరావుపేట పోదాం," అంది.

చెవి డాక్టరు నిహారిక చిన్నదే, మాట మాత్రం గరుకు. గ్రేసమ్మని ఉత్తకాళ్ళతో మెత్తటి దిండు మీద నిలబెట్టి, పాదాలు దగ్గర పెట్టి కళ్ళు మూసుకోమంది. మూసుకోవడం ఆలస్యం, గ్రేసమ్మ ఒరిగిపోయింది. నర్సు పట్టుకుంది. తర్వాత కళ్ళకి నల్లటి అద్దాలు తగిలించారు. ఆమె కళ్ళు ఎట్లా కదులుతున్నాయో పక్కన టీవీలో కనపడుతోంది. బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడికి తిప్పి, డాక్టరు ఒక్కసారిగా వెనక్కి వాల్చింది.

గ్రేసమ్మ కేకపెట్టి డాక్టరు కోటు పట్టుకుంది. టీవీలో ఆమె కళ్ళు గట్టున పడ్డ చేపల్లా కొట్టుకుంటున్నాయి. జాస్మిన్ ఫోను మోగింది.

"అమ్మ పండుకుందా?" మనోజ్ గొంతు. "కాలవ ఖాళీ అయింది. కోటేశ్వరమ్మత్త థాంక్స్ చెప్పమంది."

జాస్మిన్ ఫోను పెట్టేసింది.

"చెవి లోపల సున్నపు రవ్వల్లాంటివి ఉంటాయమ్మా," అంది డాక్టరు. "తల ఎటు వాలిందో మనకి చెప్పేది అవే. పెద్దవయసులో అవి ఊడి పక్కనున్న గొట్టంలో పడతాయి. అదీ మీ తిరుగుడు."

"అయితే వయసేగా?" అంది గ్రేసమ్మ కసిగా.

"వయసే. వయసుకి కంట్లో శుక్లం రాదా? వస్తే ఆపరేషను చేయించుకోవట్లేదా? వయసని చెప్పి ఇంటికి పంపటానికి డాక్టరెందుకు? ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు."

"రెండేళ్ళా! ఎవరూ ఇట్లా పడుకోబెట్టి చూడలేదా?"

"బీపీ చూశారు. షుగరు చూశారు. మెడకి ఎక్స్‌రే తీశారు. తల తిరుగుతుందంటే తల తిప్పి చూసినోళ్ళు లేరు."

డాక్టరు మొహం కందిపోయింది. ఆమె తల నెమ్మదిగా ఎడమకి తిప్పింది. కాసేపాగి ఒళ్ళంతా ఎడంపక్కకి దొర్లించి, మొహం నేలవైపు పెట్టించింది. తర్వాత లేపి కూర్చోబెట్టింది. ఈలోపు ఫోను ఆగకుండా మోగింది. వీధి అటు వాలి ఇటు వాలిందట. కాలవ నీళ్ళు ఎగువకి పోయి సర్పంచి వరండా ఎక్కాయట.

"రవ్వలు చోటుకి చేరినయ్," అంది డాక్టరు. "కానీ రెండు చెవుల్లోనూ బలం కొంత తగ్గింది. అది తిరిగి రాదు. రోజూ నడవాలి. గోడ పట్టుకునైనా సరే, తల అటూ ఇటూ తిప్పుతూ నడవాలి. మంచంలో ఉంటే ఉన్నది కూడా పోతుంది."

"మంచంలోనే ఉండమన్నారు నన్ను," అంది గ్రేసమ్మ. ఆ మాట అన్నాక ఆమెకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

మర్నాడు కోటేశ్వరమ్మ ఎంత అరిచినా వీధి వాలలేదు. నీళ్ళు కొట్టులోకి వచ్చాయి. జనం గ్రేసమ్మ ఇంటి ముందు చేరారు. సర్పంచి అరటిపళ్ళ గెల పట్టుకుని వచ్చాడు.

"ఒక్కసారి, పెద్దమ్మా. నా కోసం."

గ్రేసమ్మ మంచమెక్కింది. అందరూ చూస్తుండగా కుడికి తిరిగింది, ఎడమకి తిరిగింది, తల మంచం అంచు నుంచి కిందికి వేలాడేసింది. గోడవార ఒక్క బిందె కూడా కదలలేదు.

సర్పంచి గొంతు మారింది. "నయం చేయించుకునే ముందు నలుగుర్నీ అడగాలా వద్దా?"

"నా చెవికి పంచాయితీ తీర్మానం కావాల్నా?"

సర్పంచి అరటిగెల తీసుకుని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ మనోజ్ దగ్గర ట్రాక్టరు తాళాలు తీసుకున్నాడు. మనోజ్ ఈపూరులో మిరపచేలకి కూలికి కుదిరి అక్కడే ఉండిపోయాడు, తల్లితో మాట మానేశాడు. కోటేశ్వరమ్మ ఆ ఇంటికి ఉప్పు కూడా అమ్మనంది. గ్రేసమ్మ గోడ పట్టుకుని నడిచింది. తర్వాత కోడలి భుజం పట్టుకుని నడిచింది. దీపావళి దాటాక అటక మీది గంప దింపింది.

ఒక మధ్యాహ్నం ఆమె గోంగూర అమ్ముకుని ఖాళీ గంపతో వస్తోంది. కొట్టులో కోటేశ్వరమ్మ సబ్బుల కోసం పై అరలోకి తలెత్తి చూసింది. వీధి వాగువైపు వాలింది.

గ్రేసమ్మ కరెంటు స్తంభం పట్టుకుంది. నీళ్ళు బుడబుడా జారిపోయాయి. ఇళ్ళలోంచి జనం పరిగెత్తుకొచ్చారు. "గ్రేసమ్మ పండుకుంది! గ్రేసమ్మ పండుకుంది!" అంటూ వచ్చి, ఆమె వీధి మధ్యలో నిలబడి ఉండటం చూసి ఆగిపోయారు. కొట్టులో కోటేశ్వరమ్మ కాటా బల్లని కావలించుకుని ఉంది. ఎవరూ అటు చూడలేదు. గ్రేసమ్మ చూసింది. కోటేశ్వరమ్మ బల్ల కిందినుంచి రెండు చేతులూ జోడించి, చెప్పొద్దన్నట్టు వేళ్ళు ఆడించింది.

సర్పంచి బండి మీద వచ్చాడు. "నువ్వేనా?"

"నేను నిలబడి ఉన్నాగా."

"మరెవరు? వీధిలోనే ఉన్నావు, చూసుంటావు. చెప్పు పెద్దమ్మా, నీ కొడుక్కి తాళాలు ఇప్పుడే ఇస్తా."

రెండేళ్ళ కేకలన్నీ గ్రేసమ్మ గొంతులోకి వచ్చాయి. వేలు చూపిస్తే చాలు. కొడుకు రాత్రికి ఇంట్లో అన్నం తింటాడు. రేపటినుంచి బేసిన్ ఎదురింట్లో ఉంటుంది.

"చూళ్ళా," అంది. "కాళ్ళ కింద చూసుకుని నడుస్తున్నా."

"సరే. రేపు పొద్దున ఇంటింటికీ వచ్చి ముసలోళ్ళందర్నీ కుడిపక్కకి తిప్పించి చూస్తా. దొరక్కుండా పోద్దా?" అని సర్పంచి బండి తిప్పాడు.

జనం సర్దుకున్నాక గ్రేసమ్మ కొట్టు ముందుకి పోయింది.

"షట్టరు దించు."

"యాడికక్కా?"

"ఆస్పత్రికి. రేపు నిన్ను తిప్పుతారు. ఆ తర్వాత రోజూ తిప్పుతారు. లెయ్."

"బస్తాలు కాలవ పక్కనే ఉన్నయ్. మళ్ళీ నీళ్ళొస్తే..."

"బస్తాల సంగతి నేనడగలా. లెయ్ ముందు."

ఆటోలో కోటేశ్వరమ్మ కమ్మీని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. రాళ్ళపేట దాటాక మెల్లగా అంది. "అక్కా, నా మీద కోపం పోయిందా?"

"ఎట్టా పోద్ది? రెండేళ్ళు నన్ను విసుర్రాయి తిప్పినట్టు తిప్పావు. మాట్లాడమాక. తల పైకెత్తమాక."

నరసరావుపేట దాకా రోడ్డు నిండా గుంతలే. గుంత వచ్చిన ప్రతిసారీ గ్రేసమ్మ ఆమె తలని రెండు చేతులతో పట్టుకుని, ఎటూ వాలకుండా తన భుజానికేసి అదిమింది. కోపంగానే అదిమింది.