సిలాస్ జేబులోని ఖాళీ తూటాలు

సిలాస్ అబుదాబీ శివార్లలోని ఒక షూటింగ్ క్లబ్‌లో పనిచేసేవాడు. సభ్యులు కాల్చి వెళ్ళాక నేలమీద పడ్డ ఇత్తడి ఖాళీ తూటాలన్నీ ఏరి ఇమామ్ హుస్సేన్‌కి అప్పగించాలి. కడప మనిషి ఇమామ్ హుస్సేన్. పదకొండేళ్ళుగా తూటాల లెక్క రాసే రిజిస్టర్‌లో సంతకం ఆయనదే. సిలాస్‌కి ఆ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే.

2022 వేసవిలో సిలాస్ ఫోన్లో ఒక గ్రూపులో చేరాడు. ఖాళీ తూటాల్లో ఇంట్లోనే మళ్ళీ తుపాకీ మందు నింపుకునే సరదా ఉన్నవాళ్ళ గ్రూపు అది. తనకు తుపాకీ, లైసెన్సు ఉన్నాయని రాశాడు. రెండూ లేవు. అయినా వాళ్ళు నమ్మి, ఓపిగ్గా నేర్పారు. వాల్టర్ అనే అమెరికా ముసలాయన తన షెడ్డు ఫొటోలు పంపి, "తొందరొద్దు, ముందు తూటాలో పగులుంటే కనిపెట్టడం నేర్చుకో" అన్నాడు.

మఫ్రఖ్‌లోని కార్మికుల క్యాంపులో సిలాస్ మంచం మీద కూర్చుని తూటాలు తళతళా తుడిచి ఫొటోలు పెట్టేవాడు. మందు నింపే ఆలోచనే లేదు. వాళ్ళ మెచ్చుకోలు కావాలి, అంతే. అందుకోసం రోజూ రెండో మూడో జేబులో వేసుకొచ్చేవాడు.

తనిఖీలో ఎనభై తగ్గాయి. ముదీర్, అంటే క్లబ్ మేనేజరు, అందరినీ నిలబెట్టి అడిగాడు. సిలాస్ "నాకు తెలీదు సార్" అన్నాడు.

"సిలాస్ అట్లాంటోడు కాదు సార్. సంతకం నాది, జిమ్మేదారీ నాది" అన్నాడు ఇమామ్ హుస్సేన్. ఆయన్ని అక్కడికక్కడే పనిలోంచి ఆపేశారు. ఆయన ఆ మాట అన్నప్పుడు సిలాస్ ఒక్కసారి ఆయన మొహం చూసి తల దించుకున్నాడు.

నాలుగు రోజులు గడిచాయి. చివరికి గ్రూపులో నిజమంతా రాశాడు. కొందరు తిట్టారు. వాల్టర్ మాత్రం, "ఇది చెప్పాల్సింది మాకు కాదు" అని ఒక్క వాక్యం రాశాడు.

మర్నాడు పొద్దున్నే సిలాస్ తూటాల డబ్బా తీసుకెళ్ళి ముదీర్ బల్లమీద పెట్టాడు. పోలీసులు వచ్చారు. మందు, తుపాకీ ఏవీ లేవని తేలాక వాంగ్మూలం తీసుకుని వదిలేశారు. ఉద్యోగం మాత్రం ఖలాస్. ఇమామ్ హుస్సేన్‌ని తిరిగి పనిలోకి పిలిచారు.

వెళ్ళిపోయే ముందు సిలాస్ ఆయన గది దగ్గరికి వెళ్ళాడు. "భాయ్, క్షమించండి" అన్నాడు.

ఆయన చెప్పులు తుడుచుకుంటున్నాడు.

"దొంగతనానికి కాదప్పా నా బాధ. నీ పక్కనే నిలబడి నీ కోసం మాటిచ్చినానే, అప్పుడు నా మొగం చూసినావు కదా? చూసి కూడా ఎట్ల ఊరకుండినావు?"

బయట క్యాంపు బస్సు హారన్ కొట్టింది. ఇమామ్ హుస్సేన్ చెప్పులు తొడుక్కుని, అతని పక్కనుంచే నడిచి డ్యూటీకి వెళ్ళిపోయాడు.