వీధి నడుమ గీత

అమెరికాలో, ఆష్‌బర్న్‌లో ఇల్లు కొనేటప్పుడు దివాకర్ తూర్పు వాకిలి కావాలన్నాడు, గిరిజ దగ్గరలో మంచి బడి కావాలంది. రెండూ దొరికాయి. అంతకుమించి అడగవలసింది ఇంకేదైనా ఉంటుందని అప్పుడు ఇద్దరికీ తోచలేదు.

కొన్నేళ్ళకు స్కూల్ బోర్డు వాళ్ళు బడుల హద్దులు మారుస్తామన్నారు. దగ్గరి బడి కిక్కిరిసిపోయిందట, హైవేకి అవతలి బడిలో చోటు ఉందట. అక్కడంతా లేనివాళ్ళ పిల్లలు, ఇక్కడంతా ఉన్నవాళ్ళ పిల్లలు. కలిసి చదివితే అందరికీ మేలు కాబట్టి కొందరిని బస్సులో అక్కడికి పంపుతామన్నారు. కొత్త హద్దు సరిగ్గా గిరిజ వాళ్ళ వీధి నడుమ పోయింది. ఇటు వరస పిల్లలు బస్సెక్కాలి. అటు వరస పిల్లలు ఎప్పటిలాగే నడిచి పోవచ్చు.

గిరిజకు దిగులు పట్టుకుంది. బడి మారుతుందని కాదు. మూడో తరగతి చదివే కూతురు నైనిక ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, బడి గుమ్మం తొక్కితే మాత్రం నోరు విప్పదు. చెప్పవలసింది తనతో చదివే ఎదురింటి కమీలా చెవిలో చెబుతుంది. కమీలా దాన్ని టీచరుకు చెబుతుంది. కమీలా పక్కనుంటే ఈమధ్య ఒకటి రెండు మాటలు తనే పైకి అంటోందని టీచరు సంబరంగా చెప్పింది. ఆ కమీలా ఇల్లు అటు వరసలో ఉంది.

ఆదివారం అదే వరసలో ఉండే రఘువీర్ ఇంటి బేస్‌మెంట్‌లో వీధిలోని తెలుగువాళ్ళంతా చేరారు. అతను వీధి పటాన్ని టీవీలో పెట్టి, గీతకు ఇటువైపు ఇళ్ళవాళ్ళ పేర్లు వరసగా చదివాడు. అందరూ మనవాళ్ళే.

"చూశారా అండీ, ఏరి ఏరి ఇండియన్స్‌నే అవతల పడేశారు. దీన్ని టార్గెట్ చేయడం అనక ఇంకేమంటారు?" అన్నాడు.

గదంతా అవునంది. గిరిజ పటం వైపే చూస్తోంది. ఇల్లు వెతికే రోజుల్లో బిల్డర్ తరఫు అమ్మాయి ముందు అటు వరసలోని ఇల్లే చూపించింది. పెరడు కూడా పెద్దది. పడమటి వాకిలని దివాకర్ కారు దిగనే లేదు. రఘువీరూ దిగి ఉండడు. ఆ గదిలో ఉన్నవాళ్ళలో ఎవరూ దిగి ఉండరు.

"మనమంతా ఈస్ట్ ఫేసింగ్ చూసుకుని ఒకే వరసలో కొనుక్కున్నాం కదండీ. అందుకే గీతకి అందరం ఒకే పక్క పడ్డామేమో" అంది గిరిజ.

మనవల కోసం వచ్చి ఉంటున్న జ్ఞానప్రసూన మూలనుంచి, "అయితే వాస్తు ఫలించినట్టే తల్లీ, గుమ్మం ముందుకే బస్సు తెప్పించింది" అంది. అందరూ నవ్వారు, రఘువీర్ తప్ప.

"ఈ మాట మాత్రం మీటింగ్‌లో అనకండి గిరిజ గారూ, దండం పెడతాను" అని, బోర్డు ముందు మాట్లాడే పనిని ఆమెకే అప్పగించాడు. తల్లి చెబితే వింటారట. చదవవలసిన కాగితం కూడా అతనే ఇచ్చాడు. మేమూ వైవిధ్యాన్ని గౌరవిస్తామన్నది మొదటి వాక్యం. రెండో వాక్యం 'కానీ' అని మొదలైంది.

ఆ కాగితం ఎన్నిసార్లు చదివినా గిరిజకు తాము ఎటు నిలబడ్డారో తేలలేదు.

"ఏమండీ, వాళ్ళు కలపాలంటున్న రకరకాల జనంలో మనం ఉన్నామా, లేక ఇక్కడ ఎక్కువయ్యామని తీసేస్తున్నారా?" అని దివాకర్‌ను అడిగింది.

"నాకూ అర్థం కాలా. రాసింది చదివేసి వచ్చెయ్" అన్నాడు అతను.

సభలో గిరిజకన్నా ముందు ఒకావిడ లేచింది. తన పిల్లలు ఆ అవతలి బడిలోనే చదువుతున్నారని, ఇందాకటినుంచి అందరూ ఆ బడిని పాడుబావిలా చెబుతుంటే వింటూ కూర్చున్నానని, అక్కడి టీచర్లు ఎంత మంచివాళ్ళో చూడటానికి ఒక్కరైనా వచ్చారా అని అడిగింది. గిరిజ చేతిలోని కాగితం చెబుతున్నదీ ఆ పాడుబావి మాటే. కాకపోతే మర్యాదగా అంది.

మైకు ముందుకు వెళ్ళాక ఆ కాగితం మడిచేసింది. ఒక వీధి పిల్లల్ని రెండు చేయవద్దని, ఉంచితే వీధంతా ఉంచమని, పంపితే వీధంతా పంపమని చెప్పి వచ్చి కూర్చుంది. హాలులో చప్పట్లు మోగాయి. తెలుగువాళ్ళ వరసలో మాత్రం ఎవరి చేతులూ కదల్లేదు.

ఆమె మాట బోర్డుకు నచ్చింది. గీతను తీసుకెళ్ళి అటు వరస ఇళ్ళ పెరళ్ళ వెనక పెట్టారు. వీధంతా బస్సెక్కాలి.

"ఉంచమని అడగమంటే, ఎదుటి వరసను కూడా తోడు తెచ్చారు" అన్నాడు రఘువీర్. ఆ తర్వాత కనిపించినా పలకరించలేదు. గిరిజ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

"అమ్మా, విండో సీట్ కమీలాకి ఇస్తా. నేను పక్కన" అని నైనిక అప్పుడే పంపకాలు చేసేసింది.

శనివారం కమీలా తల్లి యోలాండా వచ్చి తలుపు తట్టింది. ఒక్కతే పిల్లను పెంచుకుంటోంది, ఆసుపత్రిలో పని. బడి వేళకు ముందే డ్యూటీకి పోతూ కమీలాను దగ్గరి బడిలో దింపేది, పిల్లల్ని అక్కడ పెందలాడే రానిస్తారు కాబట్టి. కొత్త బడి ఆసుపత్రికి పూర్తిగా ఎదురు దారి, బస్సేమో ఆమె వెళ్ళిపోయాక గాని రాదు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడి, గొంతు పెంచకుండా ఇంగ్లీషులో అడిగింది.

"నీ కూతురి కోసం మాట్లాడావు, అర్థమైంది. నా కూతురి సంగతి నన్నెందుకు అడగలేదు?"

అడగకూడదని గిరిజ అనుకోలేదు. అడగాలనే తోచలేదు. ఇద్దరూ ఒకచోట ఉంటే రెండిళ్ళకూ మంచిదేనని తనంతట తానే అనుకుంది.

"పొద్దున్నే మా ఇంట్లో దింపండి. ఇద్దరినీ నేను బస్సెక్కిస్తాను" అంది చివరికి.



"కమీలా పొద్దున గుడ్డు లేకుండా తినదు" అంది యోలాండా.

దివాకర్ ఆ ఇంట్లోకి ఇంతవరకు గుడ్డు రానివ్వలేదు.

"చేసిపెడతాను" అంది గిరిజ.

యోలాండా తల ఊపి వీధి దాటి వెళ్ళిపోయింది. పిల్లను పంపుతానని గాని పంపనని గాని చెప్పలేదు. ఆ గుడ్డు మాట మనసు కరిగి అన్నదో, జరిమానా వేసి అన్నదో గిరిజకు తెలియలేదు. దివాకర్‌కు ఏం చెప్పాలో అంతకన్నా తెలియలేదు. లోపలికి వెళ్ళి, వాడకుండా పైన పెట్టిన చిన్న మూకుడు దింపి కడగసాగింది.