బానెట్ లోపలి వైపు

ఆ రోజు ఇంట్లో అయిదుగురం ఉన్నాం. వెనక షెడ్డులో బాబాయి, ఆయన కొడుకు, అంటే మా అన్నయ్య. వంటింట్లో పిన్ని. వరండాలో కుర్చీ వేసుకుని నాయనమ్మ. నేనైతే ఒకచోట లేను, షెడ్డుకీ వంటింటికీ మధ్య తిరుగుతున్నాను. పదింటికి పసుపు కారు ఆయన రావడంతో ఆరుగురం అయ్యాం. ఆయన్ని ఇంట్లోవాళ్ళ లెక్కలో చేర్చాలా వద్దా అని డైరీ రాసేటప్పుడు కాసేపు ఆలోచించాను. చేర్చాను. జరిగిందంతా ఆయన కారు ముందే జరిగింది మరి.

నేను బాబాయి ఇంటికి వచ్చి అప్పటికి రెండు నెలలు. మా పల్లె బడిలో చదువు అయిపోయింది, పై చదువుకి నాన్న తీసుకొచ్చి ఇక్కడ దించాడు. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు ముందు గొంతు పట్టేస్తుంది. ఇంట్లోవాళ్ళతో కూడా ఒక్కోసారి అంతే. నడిస్తే అడుగుల చప్పుడైనా వినిపించదని అన్నయ్య నాకు పిల్లి అని పేరు పెట్టాడు. నాయనమ్మకి మాత్రం ఆ పేరు నచ్చలేదు. "పిల్లి అయితే పాలైనా తాగేది, ఇది అదీ తాగదు," అంటుంది.

బాబాయి కార్లకి కార్బన్ ఫైబర్ బానెట్లు చేస్తాడు. కారుతో వచ్చిన ఇనప బానెట్ తీయించేసి, తేలిగ్గా, నల్లగా, నేత కనిపించేలా ఉండేది పెట్టించుకునేవాళ్ళు మా షెడ్డుకి వస్తారు. నల్లటి నేతబట్టని అచ్చులో పరిచి, రెసిన్ అనే చిక్కటి ద్రవం పట్టించి, పైన ప్లాస్టిక్ కప్పి లోపలి గాలంతా లాగేసి గట్టిపడనిస్తారు. అలా పైకి కనిపించే పలక ఒకటి, దాని కింద బలానికి చట్రం ఒకటి తయారవుతాయి. రెండింటినీ జిగురుతో అతికిస్తారు. బానెట్‌ని మూసి పట్టి ఉంచే లాక్ కొక్కెం ఆ చట్రానికే ఉంటుంది.

నన్ను షెడ్డులోకి రానిచ్చింది నా కళ్ళ వల్ల. బాబాయికి ఈమధ్య దగ్గరివి సరిగ్గా ఆనడం లేదు. కళ్ళజోడు పెట్టుకోమంటే పెట్టుకోడు. పలక మీద గాలి బుడగలు చిట్లిన చోట సూదిమొనంత గుంటలు ఉంటాయి. ఊరికే చూస్తే కనిపించవు. తెల్ల పౌడరు చల్లి, అరచేత్తో రుద్ది, ఉఫ్‌మని ఊదితే ఆ గుంటల్లో మాత్రం పౌడరు ఉండిపోతుంది. ఒక్కో చుక్క పక్కన ఒక్కో పసుపు టేపు ముక్క అంటించడం నా పని. మొదటిరోజు, బాబాయి బాగుందన్న బానెట్ మీదే నలభై ఒక్క ముక్కలు అంటించాను. అన్నయ్య చూసి, "నాన్నా, దీనికి ఒళ్ళంతా పొక్కులు లేచాయి," అన్నాడు. బాబాయి నవ్వలేదు. కళ్ళజోడు తెప్పించుకుని ఒక్కో ముక్కనీ చూశాడు. తర్వాత నా నెత్తి మీద చెయ్యి వేసి, "రేపట్నుంచి నువ్వు చూడందే ఒక్కటీ బయటికి పోదు తల్లీ," అన్నాడు. ఆ రాత్రి డైరీలో ఆ మాట రెండుసార్లు రాసుకున్నాను.

పసుపు కారు ఆయన బానెట్ మీద ఒక్క టేపు ముక్క కూడా పడలేదు. నేత ఎక్కడా వంకర పోలేదు, పాలు చిందినట్టు తెల్లటి మచ్చ ఎక్కడా లేదు. ఇన్నాళ్ళలో అంత నున్నటి పలక రాలేదని బాబాయే అన్నాడు.

ఆ పొద్దున అన్నయ్య అరల్లో ఏదో వెతుకుతూ కేకలు పెడుతున్నాడు.

"అమ్మా, నీలం గుడ్డ చూశావా? నీ వంటింటి గుడ్డల్లో కలిపేశావా?"

"నీ షెడ్డు మసిగుడ్డలు నాకెందుకురా? వాటితో గిన్నెలు తుడవమంటావా?"

"తుడిస్తే గిన్నెకి కూర కూడా అంటదు. అది మైనం గుడ్డే. అచ్చుకి రాసేది. అంటుకోవాల్సిన దానికి ఆ గుడ్డ తగిలిందంటే ఇక అది జన్మలో అంటుకోదు."

గుడ్డ కిటికీ దగ్గర ఉంది. అక్కడ పెట్టింది నేనే.

 మూడు రోజుల కిందట అన్నయ్య ఆ పలక లోపలి వైపుని గరుకు కాగితంతో రుద్ది, మందుతో కడిగి, మీద కాగితం కప్పి, జిగురు కలపడానికి అవతలికి వెళ్ళాడు. నేను కాగితం ఎత్తి చూశాను. రుద్దినందువల్ల లోపలి వైపు బూడిద రంగులో, వెలిసిపోయినట్టు కనిపించింది. పైన అద్దంలా ఉంది, లోపల ఇలా ఉంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు అనిపించింది. చేతికందిన నీలం గుడ్డతో అంచుల వెంట శుభ్రంగా తుడిచాను. కొంచెం మెరుపు వచ్చింది. సంతోషపడి మళ్ళీ కాగితం కప్పేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత పని చేశానని కూడా అనుకోలేదు.

బానెట్‌ని పసుపు కారు ఆయన వచ్చేసరికి ఎండలో మెరవాలని బాబాయి పొద్దున్నే వాకిట్లో బల్ల మీద పెట్టించాడు. నల్లటిది కదా, అప్పటికే చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. జేబులోంచి నాణెం తీశాను. అతుకు గట్టిగా ఉందో లేదో బాబాయి నాణెంతో కొట్టి వింటాడు. గట్టిగా ఉన్నచోట టక్‌టక్‌మంటుంది, లోపల విడిపోయిన చోట ఖాళీ అట్టపెట్టెని కొట్టినట్టు డబ్‌మంటుంది. ముందురోజు సాయంత్రం బాబాయే అంతా కొట్టి చూశాడు, అంతా బాగానే పలికింది. నేను ముందువైపు, లాక్ ఉండే చోట కొట్టాను.

డబ్‌మంది. పక్కన కొట్టాను. అక్కడా డబ్‌మంది. జానెడు దూరం దాకా అంతే.

అతికీ అతకనట్టు నిలబడినదేదో ఎండ వేడికి వదిలేసింది. నేను తుడిచిన చోటే.

అలా వదిలేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. భోజనాల దగ్గర అన్నయ్య ఒకసారి పళ్ళెం నిలబెట్టి మరీ చూపించాడు. కారు జోరు మీద ఉన్నప్పుడు గాలి కిందినుంచి దూరితే, లాక్‌ని పట్టుకుని చట్రం అక్కడే ఉండిపోతుంది, పలక మాత్రం లేచి అద్దం మీద పడుతుంది. నడిపేవాడికి ముందు నలుపు తప్ప ఇంకేమీ కనిపించదు.

వంటింట్లోకి పరిగెత్తాను. పిన్ని పళ్ళెంలో కప్పులు సర్దుతోంది.

"పిన్నీ..."

"ఆ, చెప్పు."

నేను ఒక కప్పు ఎత్తి మళ్ళీ అక్కడే పెట్టాను.  బయట హారన్ వినిపించింది. "వచ్చేసినట్టున్నాడు. తర్వాత చెబుదువుగానిలే," అని పిన్ని పళ్ళెం నా చేతిలో పెట్టింది.

పసుపు కారు ఆయన దిగీ దిగడంతోనే బానెట్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి పలక మీద ఆకాశం ఎలా కనబడుతోందో చూశాడు. గోరుతో గీకబోయి ఆగాడు.

"మాస్టారూ, ఇదేంటండీ ఇది! నా ముఖం కూడా ఇందులో బాగుంది."

"ముఖం మీది సార్, మెరుపు మాది," అన్నాడు బాబాయి.

"ఎక్కడా చుక్క లేదే. పోయినసారి వేరేచోట చేయిస్తే అప్పడంలా గుంటలు."

"మా దగ్గర గుంటలు పట్టే మనిషి ఉంది సార్. అదిగో, టీ పట్టుకుని నిలబడింది చూడండి. మా అన్నయ్య కూతురు. దాని కంటిని దాటి ఏదీ పోదు."

ఆయన నా వైపు తిరిగి చెయ్యెత్తి సలాం చేశాడు. అన్నయ్య వెనకనుంచి, "మ్యావ్," అన్నాడు. అందరూ నవ్వారు. నేను పళ్ళెం వరండా గట్టు మీద పెట్టాను.

అన్నయ్య పాత బానెట్ విప్పాడు. బాబాయీ తనూ కలిసి కొత్తదాన్ని ఎత్తి పెట్టారు. అన్నయ్య బోల్టులు బిగిస్తున్నాడు. సాయంత్రం తన భార్యని ఎక్కించుకుని పెద్ద రోడ్డు మీద ఎంత జోరుగా పోతుందో చూస్తానని ఆయన బాబాయితో అంటున్నాడు. "ఆవిడ కళ్ళు మూసుకునే కూర్చుంటుంది లెండి, నా డ్రైవింగ్ అలాంటిది."

నోటితో చెప్పలేకపోతే రాసి ఇవ్వొచ్చు కదా అనిపించింది. గదిలోకి వెళ్ళి డైరీలోంచి కాగితం చింపాను. రాశాను. ఎంత రాయాలో తెలిసి కూడా సగమే రాశాను. నాలుగు మడతలు పెట్టి, వచ్చి బాబాయి చేతికిచ్చాను.

బాబాయి చేతులనిండా గ్రీజు. కళ్ళజోడు షెడ్డులో ఎక్కడో ఉంది. కాగితం విప్పి దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, చివరికి పసుపు కారు ఆయనకే ఇచ్చాడు.

"ఏదో రాసింది మా పిల్ల. కాస్త చదువుదురూ, మిమ్మల్ని పొగిడి ఉంటుంది."

ఆయన నవ్వుతూ పైకి చదివాడు. "బాబాయ్, లాక్ దగ్గర నాణెంతో కొట్టి చూడు."

నవ్వు సగంలో ఆగింది. బాబాయి నన్ను చూశాడు. జేబులో తడిమి నాణెం తీసి, ముందుకి వంగి కొట్టాడు. ఒకసారి. ఇంకోసారి. చెవి దగ్గరగా పెట్టి మళ్ళీ కొట్టాడు. వాకిలంతా ఆ డబ్ డబ్ వినిపించింది. నాయనమ్మ వరండాలోంచి, "ఎవర్రా తలుపు కొడుతున్నారు?" అంది. 

బాబాయి సన్నటి రేకు కత్తి తెమ్మన్నాడు. బానెట్ ఎత్తి, పలకకీ చట్రానికీ మధ్య దాని మొన పెట్టి కొంచెం మెలితిప్పాడు. చట్రం అంచు సీసా మీది చీటీ ఊడినట్టు ఊడొచ్చింది. జిగురంతా చట్రంతోనే వచ్చేసింది. పలక మీద దాని గుర్తయినా లేదు.

"ఇదేంట్రా?" అన్నాడు బాబాయి.

అన్నయ్య వంగి పలక మీద వేలితో రాసి చూశాడు. "కడిగాను నాన్నా. రుద్దాను, కడిగాను, కాగితం కూడా కప్పాను."

"కడిగితే ఇలా వస్తుందా?"

"జిగురు కొలిచే కలిపాను. కావాలంటే డబ్బా చూడు."

"డబ్బా ఏం చూడను, నీ పని కనబడుతోందిగా! ఇరవై రెండేళ్ళొచ్చాయి, ఒక అతుకు వెయ్యడం రాదు. ఇది రోడ్డు మీద లేచుంటే? ఆ ఇద్దరి గతీ ఏమయ్యేది? నువ్వు వెళ్ళి చెప్పేవాడివా వాళ్ళింట్లో?"

నేను చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా. పసుపు కారు ఆయన నన్నే చూస్తున్నాడు. "పాపం ఈ పిల్ల కనిపెట్టబట్టి సరిపోయింది. మీ అబ్బాయిని నమ్ముకుని ఉంటే మా పని అయిపోయేది," అన్నాడు. ఆ మాటతో నా నోరు మూతబడిపోయింది. ఎవరూ నన్ను అడగలేదు కదా అనుకున్నాను. అడిగితే చెబుతానని నాకు నేనే చెప్పుకున్నాను.

"రేపట్నుంచి నువ్వు జిగురు ముట్టుకోవద్దు," అన్నాడు బాబాయి. "నేలా గోడా తుడువు, చాలు."

 అన్నయ్య పాత బానెట్ మళ్ళీ ఎత్తిపెట్టి, పసుపు కారు ఆయన చూస్తుండగా ఒక్కో బోల్టూ బిగించాడు. ఆయన వెనకే నిలబడి, "గట్టిగా, ఇంకొంచెం గట్టిగా, ఇదైనా సరిగ్గా పట్టిందో లేదో," అంటూనే ఉన్నాడు. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఆఖరి బోల్టు దగ్గర పానా జారి వేలికి తగిలింది. వేలు నోట్లో పెట్టుకుని మళ్ళీ బిగించాడు.

"మాస్టారూ, మీరంటే గౌరవమే," అన్నాడు ఆయన కారెక్కుతూ. "కానీ ఈ అబ్బాయి చెయ్యి పడ్డది నాకొద్దు. మావాళ్ళకి కూడా చెబుతాను." కారు వీధి మలుపు తిరిగింది. టీ కప్పులు ముట్టుకోకుండా అలాగే ఉన్నాయి.

అప్పుడు చెప్పాను.

"బాబాయ్. అన్నయ్య కడిగాడు. తర్వాత నేనే నీలం గుడ్డతో తుడిచాను."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బాబాయికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్ల మీద కూలబడ్డాడు.

"ఎందుకు తుడిచావమ్మా?"

"మెరవాలని."

పిన్ని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బాబాయి చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. కోప్పడితే బాగుండునని ఎదురుచూశాను. ఆయన కోప్పడలేదు. "తెలియక చేసింది," అన్నాడు ఎవరితోనో. తర్వాత లేచి అన్నయ్య దగ్గరికి వెళ్ళబోయాడు. "ఒరేయ్, నాన్నా..."

అన్నయ్య అటు తిరగలేదు. నన్నే చూస్తున్నాడు.

"అది మైనం గుడ్డని నీకెప్పుడు తెలిసింది?"

"పొద్దున. నువ్వు పిన్నిని అడిగినప్పుడు."

"అంటే ఆయన ఇక్కడ ఉన్నంతసేపూ తెలుసు."

తలూపాను.

"చీటీ రాసినప్పుడూ తెలుసు."

మళ్ళీ తలూపాను. అన్నయ్య ఇంకేమీ అడగకుండా పనిముట్లు ఏరుకుని షెడ్డు వైపు నడిచాడు. నేను వెనకే వెళ్ళాను. "అన్నయ్యా, ఆయనకి నేను ఫోన్ చేసి చెబుతాను. నిజంగా చెబుతాను. ఇప్పుడే," అన్నాను. నాకు తెలిసి అంత పొడుగు మాట నేనెవరితోనూ వరసగా అనలేదు. ఆ మాటకైనా ఆగుతాడనుకున్నాను.

షెడ్డు గుమ్మం దగ్గర ఆగాడు. పిల్లీ అనలేదు. పేరుపెట్టి కూడా పిలవలేదు.

"ఆ కారు వాడు నన్ను తిట్టినంతసేపూ నా పక్కనే నిలబడ్డావు," అన్నాడు మెల్లగా. "నీకూ నాకూ మధ్య మూరెడు దూరం కూడా లేదు."

నేను లోపలికి అడుగు వెయ్యబోయాను. అన్నయ్య తలుపు వేసేసుకున్నాడు.