ఆరోగ్యవంతుల గడి

ఆసుపత్రి కొళాయి దగ్గర మామ పంచె పిండుతున్నాను. కుడిచేత్తో మెలితిప్పుతూ, ఎడమచేతిని ఊరికే ఆనించి. వరండాలో నా భర్త నరసింహప్ప డాక్టరుతో అంటున్న మాట వినబడింది.

"నన్నెందుకు సామీ, సూదంటే నాకు కండ్లు తిరుగుతాయి. మా ఆడది ఉండాది కదా. దానికేం, ఎనుము మాదిరి ఉండాది. దాన్ని పెట్టుకోండి."

మామ ముత్తప్పకు పక్షవాతం వచ్చి పదకొండు రోజులు. ఉద్దనపల్లి నుంచి బస్సులో పడుకోబెట్టి హోసూరు అవతలి ఈ మిషన్ ఆసుపత్రికి తెచ్చాం. అది 1962. ఇంగ్లండులో చదివి వచ్చిన డాక్టరు ఒకాయన ఇక్కడ మనుషుల మెదడుకు రక్తం ఎంత పారుతుందో కొలుస్తున్నాడు. నర్సు పాపక్క నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. "తలకాయలో నాళాలు కాలవల మాదిరి కెంపమ్మా. పీల్చే గాలిలో బొగ్గుపులుసు గాలి కొంచెం కలిపితే, బాగుండే నాళాలు వెడల్పవుతాయి, రక్తం ఎక్కువ పారతాది. చెడినవి కదలవు. మీ మామవి కొలిచినారు. పక్కన బాగుండే మనిషివి కొలిస్తేనే కదా తేడా తెలిసేది."

ఒప్పుకున్నట్టు కాగితం మీద నా భర్త సంతకం చేశాడు. సూది దిగేది నా మెడలో. నేను ఐదో తరగతి దాకా చదివాను, నా అక్షరాలు అతని అక్షరాలకన్నా గుండ్రంగా ఉంటాయి. ఆ కాగితం నా వైపు తిప్పాలని ఎవరికీ తోచలేదు.

అయినా నేను వద్దనలేదు. నా తలలోకి ఎవరైనా ఒకసారి తొంగిచూస్తే చాలునని ఆరేళ్ళుగా అనుకుంటున్నాను. మూడో కాన్పు తర్వాత ఎడమచేయి నా మాట సగమే వింటోంది. వారానికి రెండుసార్లు తల పగిలిపోయే నొప్పి, కళ్ళ ముందు మిణుగురులు. కడవ జారి పగిలితే అత్త చౌడమ్మ, "తిన్న కొవ్వు చేతికెక్కింది" అనేది. నొప్పితో గోడకు ఆనుకుంటే, "కలుపుకు పోయే పొద్దుకే దీనికి తలకాయ నొప్పి వస్తాది, సాయంత్రం సంతకు పొమ్మను, రాదు" అనేది. నా భర్త నవ్వేవాడు. ఆ నవ్వుకు జవాబు ఏ యంత్రంలోనైనా దొరుకుతుందేమోనని నేను బల్ల మీద పడుకున్నాను.

చెవి కింద ఒక సూది, మోచేతి మడతలో ఒకటి. ముఖానికి రబ్బరు తొడుగు. కాసేపటికి, కట్టెలమోపుతో గుట్ట ఎక్కుతున్నట్టు గుండె కొట్టుకుంది. ఊపిరి నా వశంలో లేకుండా పరిగెత్తింది. నేను కదలలేదు. తొడుగు తీశాక డాక్టరు ఏదో ఇంగ్లీషులో అన్నాడు. పాపక్క మెచ్చుకోలుగా, "మగోళ్ళంతా తొడుగు మధ్యలోనే పెరికేసినారంట. నీ మాదిరి ఓపిక యాడా చూడలేదంట" అంది. నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో కూడా దీనికి ఓపిక అనే పేరు. ఊపిరాడని మనిషి అరవకపోతే, ఆమెకు ఊపిరాడుతోందని అందరూ అనుకుంటారు.

మరునాడు మామ మందు చీటీ కోసం నేనూ నా భర్తా డాక్టరు గదికి వెళ్ళాం. బల్ల మీద పెద్ద కాగితం. దానికి రెండు గడులు. పక్కనున్న పాపక్క చెప్పింది, ఒకటి ఆరోగ్యవంతులది, ఒకటి జబ్బు మనుషులది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటే ఆరోగ్యవంతుల గడిలో నా పేరు కనబడింది. నేను చూస్తుండగానే డాక్టరు దాని మీద గీత కొట్టాడు.

"ఎందుకు కొట్టేసినారు సార్?"

"నీ నాళాలు తెరుచుకోలేదమ్మా. రక్తం సగానికి పైగా పెరగల్ల, నీకు పెరిగింది కొంచెమే. ఈ లెక్కకు నువ్వు పనికిరావు. మీ ఇంట్లో బాగుండేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే చెప్పు."

పనికిరాను. ఆ మాట వినడానికి మెడలో సూది పొడిపించుకోవలసిన పని లేదు, అది ఇంట్లో రోజూ దొరికేదే. "అట్లయితే ఆ పక్క గడిలో రాయండి" అన్నాను.

నా భర్త గొంతు సవరించుకున్నాడు. "దీనికేం జబ్బు లేదు సామీ. మిషనే తప్పు చూపించింటాది."

డాక్టరు అప్పుడు మొదటిసారి నన్ను చూశాడు. కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాచమన్నాడు. కళ్ళు తెరిచేసరికి ఎడమచేయి నాకు తెలియకుండానే కిందికి వాలి ఉంది.

"ఇది ఎప్పటినుంచి?"

"అది పుట్టు సోంబేరి చేయి సామీ," అన్నాడు నా భర్త.

"నేను ఆమెను అడుగుతుండాను."

"మూడో కాన్పయిన ఆరో దినం," అన్నాను. "ఒళ్ళంతా కొట్టుకునిందంట. నాకు తెలివి లేదు. దయ్యమని చెప్పి వేపమండలతో కొట్టినారు."

డాక్టరు కలం కింద పెట్టాడు. "కాన్పయినాక నీళ్ళు తాగనిచ్చినారా?"

ఆరేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. బాలింత నీళ్ళు తాగితే పొట్ట వస్తుందనీ, బిడ్డకు జలుబు చేస్తుందనీ మావైపు ఆచారం. రోజుకు అరగ్లాసు కాచిన నీళ్ళు. అవి ఎండాకాలపు రోజులు. బిడ్డ ముఖం తుడిచిన తడిగుడ్డను ఎవరూ చూడకుండా చప్పరించాను.

"నీళ్ళు ఆపితే రక్తం చిక్కబడతాది," అన్నాడు డాక్టరు. "మెదడు నాళంలో గడ్డ కడతాది. బాలింతల్లో ఇట్లా చానామందిని చూసినా."

"అవన్నీ ఆడోళ్ళ ఆచారాలు సామీ," అన్నాడు నా భర్త. "మగోళ్ళకేం తెలుస్తాది. అంతా మా యమ్మ చూసుకునింది."

ఈ మాటను నేను కూడా ఆరేళ్ళు నమ్మినట్టే నడుచుకున్నాను. అత్తను తిట్టుకోవడం సులువు. అతని పక్కన పడుకోవాలి కాబట్టి మిగతాది మరిచిపోయినట్టు ఉన్నాను.

"రాసుకోండి సార్," అన్నాను. "ఐదో దినం మా అత్త చేనికి పోయింది. ఇంట్లో ఈయన ఒక్కడే. చెంబెడు నీళ్ళియ్యమని మూడుసార్లు అడిగినాను. ఈయన వాకిట్లో ఎద్దుకు నీళ్ళు పెడతా ఉన్నాడు. నా పక్క చూసినాడు. ఎద్దు తాగినాక, మిగిలిన నీళ్ళు నేల మీద పారబోసినాడు."

డాక్టరు కలం తీసుకుని రెండో గడిలో నా పేరు రాశాడు. మంచం ఏదైనా ఖాళీ ఉందా అని పాపక్కను అడిగాడు.

"లెయ్," అన్నాడు నా భర్త, గొంతు తగ్గించి. "ఇంటికి పోయి మాట్లాడుకుందాం."

నేను లేవలేదు.

"ఇంకా ఉండాది సార్," అన్నాను. "మొదటి కాన్పు నుంచి రాసుకోండి."