రంపం తగలని తుపాకీ

నూనెగుడ్డను గొట్టంలోంచి మూడోసారి లాగి, కాస్పర్ అండెరెగ్ తుపాకీని కిటికీ వైపు ఎత్తాడు. లోపల వెలుగు మెలికలు తిరుగుతూ వెళ్లి అవతలి చివర గుండ్రంగా నిలిచింది. బాగుంది. ఆ మాట పైకి అనలేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా తన తుపాకుల కొట్టులో ఆ బల్ల ముందు నిలబడి అతను అన్న మాటల కంటే అనకుండా మింగినవే ఎక్కువ.

అతనికి డెబ్భై ఒకటి. కుడి భుజం వేలెడు కిందికి జారిపోయింది. చేతి ముడతల్లోకి నూనె ఇంకి, సబ్బుకు లొంగని నల్లటి గీతలుగా మిగిలింది. హాస్లి లోయలో స్విస్ సైన్యం నుంచి తిరిగొచ్చిన ప్రతివాడి తుపాకీ ఆ చేతుల మీదుగా వెళ్లింది. వచ్చినది వచ్చినట్టే, శుభ్రపడి మాత్రం వెళ్లింది. మార్చినవాడి పేరు చెప్పుకుంటారు గాని, మార్చకుండా ఉంచినవాడి పేరు ఎవరు చెప్పుకుంటారు?

తలుపు తోసుకుని వెరేనా వచ్చింది. ఊళ్లో ఉత్తరాలు పంచే మనిషి. ముప్పై నాలుగేళ్లుంటాయి. పొట్టిది. భుజాన తండ్రి వదిలిపోయిన సైనిక తుపాకీ.

"మామా, ఇవాళ తేల్చెయ్. భుజానికి ఆనే ఈ కర్ర మడమ రెండు వేళ్లు కోస్తావా, కొయ్యవా?"

"కొయ్యను."

"మన సంఘం పెద్ద ఎమిల్ బావమరిది వడ్రంగే కదా. పావుగంటలో కోసిస్తానన్నాడు. రంగేసి అతుకు కూడా కనబడకుండా చేస్తాడట."

"చేస్తాడమ్మా. మధ్యాహ్నం పరీక్షకుడు కొలబద్ద పెడతాడు. ఊరంతా చూస్తుండగా నిన్ను ఇంటికి పంపుతాడు."

ఆ మధ్యాహ్నమే ఏటేటా జరిగే గురిపందెం. సైన్యం ఇచ్చిన తుపాకీ ఇచ్చిన రూపంలోనే ఉండాలి. కొలత తప్పితే కాల్చనివ్వరు. చివరి విడతలో నిమిషంలో ఆరు గుళ్లు పేల్చాలి. వెరేనాకు చేతులు కురచ. గుండు గుండుకీ వెనక్కి లాగి తొయ్యాల్సిన బోల్టు అందుకోవాలంటే ప్రతిసారీ కర్ర మీంచి చెంప ఎత్తాలి, ఎత్తితే గురి పోతుంది. మూడేళ్లుగా ఆరో గుండు తుపాకీలోనే మిగిలిపోతోంది. యాభై ఏడు పాయింట్లొస్తే వెండి పూలచక్రం బిళ్ల గుండెల మీద గుచ్చుతారు. ఆ ఊళ్లో ఏ ఆడదానికీ ఇంతవరకు అది దక్కలేదు.

కాస్పర్‌కు అన్న బాల్జ్ గుర్తొచ్చాడు. తన ముప్పై ఐదో ఏట అన్న తుపాకీ మడమను అతని ఒంటికి అతికినట్టు కోసి చెక్కాడు. అంత అందమైన పని మళ్లీ చెయ్యలేదు. పరీక్ష బల్ల దగ్గర అన్నను వెనక్కి పంపేశారు. "పనితనం బాగుందిరా," అని ఒక్క మాటన్నాడు బాల్జ్. చచ్చేదాకా మళ్లీ పందెం మైదానం తొక్కలేదు. రంపం అన్న కోసం నడవలేదని, తన చేతి దురద కోసం నడిచిందని కాస్పర్‌కు ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

"ఏదీ, భుజానికి ఆనించు," అన్నాడు.

ఆనించింది. అరచెయ్యి బోల్టుకు రెండు వేళ్ల దూరంలో ఆగిపోయింది. కాస్పర్ కర్ర వైపు చూడలేదు. ఆమె భుజం వైపు చూశాడు. దగ్గరికొచ్చి ఆమె కోటును రెండు వేళ్లతో పట్టి నొక్కాడు. పందెంగాళ్లందరూ తొడిగే కోటే అది. దెబ్బ తగలకుండా భుజం దగ్గర తోలు, దాని కింద దూది మెత్త, మళ్లీ తోలు.

"విప్పు."

"ఏంటీ?"

"కోటు."

"ఇది లేకుండా కాలిస్తే భుజం పగలదూ!"

"పదేళ్లుగా ఉత్తరాల సంచి మోస్తోంది. ఒక్క పూట ఓర్చుకోలేదా?"

పలచటి చొక్కా మీద తుపాకీ ఆనింది. చెంప కదలలేదు. వేళ్లు సునాయాసంగా బోల్టును చుట్టుకున్నాయి. వెరేనా నోరు తెరిచింది. తర్వాత పకపకా నవ్వేసింది. "ఇన్నేళ్లూ అందరం కర్రనే తిట్టాం కదా మామా!"

మైదానంలో సంఘం పెద్ద ఎమిల్ ఆమెను ఎగాదిగా చూశాడు. "కోటేదే పిల్లా? చలి పెట్టట్లేదూ?"

"కాస్పర్ మామ కోసేశాడు."

పరీక్షకుడు కొలబద్ద పెట్టాడు, తీశాడు, ముద్ర వేశాడు.

వెనక గోడ వారగా బల్ల మీద కూర్చుని కాస్పర్ కళ్లు మూసుకున్నాడు. చివరి విడత మొదలైంది. ఒకటి. బోల్టు వెనక్కీ ముందుకీ కదిలిన చప్పుడు. రెండు. మూడు. ఆ చప్పుడులో తడబాటు లేదు. నాలుగు. ఐదు. ఆరు! ఆ తర్వాత తీరిగ్గా, నిమిషం అయిందని ఈల మోగింది.

దూరంగా గురిబల్లల కింది గోతిలోంచి, ఏ గుండుకెన్ని పాయింట్లో చూపే పలకలు ఒక్కొక్కటే లేచాయి. ఎమిల్ వేళ్ల మీద కూడాడు, నమ్మలేక మళ్లీ కూడాడు. యాభై ఎనిమిది! అతని టోపీ గాల్లోకి ఎగిరింది. పాలకేంద్రం ఆడవాళ్లు బల్లలెక్కి అరిచారు.

వెండి పూలచక్రం గుచ్చుకుని వెరేనా పరిగెత్తుకొచ్చింది. "చూడు మామా, భుజం నేరేడుపండైపోయింది!"

"నొప్పా?"

"చచ్చేంత!"

కాస్పర్ నవ్వాడు. పక్క బల్లలవాళ్లు వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు. అతను అలా నవ్వగలడని వాళ్లకు తెలియదు.

"నువ్వే గెలిపించావు," అంది ఆమె.

"నేనేం చెయ్యలేదు," అన్నాడు. జీవితమంతా తలవంచుకుని అన్న మాటే. ఇవాళ మాత్రం అది తన చెవులకే గొప్ప చెప్పుకున్నట్టు వినిపించింది. ఇంకోసారి అన్నాడు, ఈసారి తలెత్తి. "నేనేం చెయ్యలేదు!"

బాకాల మేళం మొదలైంది. వెరేనాను కుర్చీతో సహా ఎత్తి తిప్పుతున్నారు. ఎండ కాచిన గోడకు కాస్పర్ తల ఆనించాడు. మూడో పాట అయ్యాక ఎమిల్ తెల్ల ద్రాక్షసారా గ్లాసు తెచ్చి, "లే ముసలాడా, ఇవాళైనా తాగు," అన్నాడు. ఇంకోసారి అన్నాడు. భుజం కదిపి చూశాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి, తలమీది టోపీ తీశాడు. కాస్పర్ పెదవుల మీద ఆ నవ్వు ఇంకా పూర్తిగా మాసిపోలేదు.

సోమవారం వెరేనా కొట్టు తలుపు తెరిచింది. బల్ల అంచున ఇనుప దవడల వైసులో, గీత పడకుండా కాస్పర్ రెండువైపులా పెట్టిన తోలుముక్కల నడుమ, ఎవరి తుపాకీదో ఒక చిన్న ఇత్తడి మర కొత్తదానిలా మెరుస్తూ బిగించి ఉంది.