మూడు నొక్కులు

అటవీ రేంజి ఆఫీసు వెనక గదిలో పాత వైర్‌లెస్ సెట్టు పొద్దస్తమానం గుస్సుమంటూనే ఉండేది. పక్కింట్లో ఎవరో ఆపకుండా బియ్యం చెరుగుతున్నట్టు ఒకటే రొద. ఆ రొదలోంచి అడవిలో తిరిగే వాచర్ల మాటలు ఏరుకోవడమే నాగలత ఉద్యోగం. దమ్మపేట నుంచి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్న రోజు నుంచి ఆమె చెవులకు శాంతి లేదు. ఇంటికి పోయాక మొగుడు మామూలుగా అన్నం పెట్టమన్నా "మళ్ళీ చెప్పండి" అనేది. ఆయన నవ్వేవాడు. ఆమెకు మాత్రం ఆ రొద మీద కసి పేరుకుపోయింది.

ఆ రొదలోంచే బొజ్జయ్య నొక్కులు వినబడేవి.

బొజ్జయ్య తాటిలొద్ది క్యాంపులో వాచరు. అరవైకి దగ్గరపడ్డ కోయ పెద్దమనిషి. వానాకాలం వచ్చిందంటే ఆయనకు ఒక పని ఎక్కువ. రెండు గుట్టల మధ్య లోతులో ఉన్న లొద్దిలోకి దిగి, వాగు ఏ మాత్రం వస్తున్నదో చూడాలి. దాన్ని బట్టే కింద పినపాక వైపు రోడ్డు మీద, వాగు దాటే చప్టా దగ్గర ఆటోలను ఆపుతారు. చిక్కల్లా ఏమిటంటే, లొద్దిలోకి దిగాక నాగలత మాట ఆయనకు వినబడుతుంది గాని, ఆయన చేతిలోని చిన్న సెట్టుకు గుట్ట దాటించి మాట పంపే బలం లేదు. ఎంత గొంతు చించుకున్నా గుర్రుమనడమే తప్ప ముక్క అర్థమయ్యేది కాదు. బటన్ నొక్కి వదిలినప్పుడు పుట్టే 'టిక్' మాత్రం ఎలాగో పైకి వచ్చేది.

అందుకని వాచర్లు ఎప్పుడో ఒక పద్ధతి పెట్టుకున్నారు. లొద్దిలో మాట్లాడేది లేదు, నొక్కడమే. రెండు నొక్కులంటే అంతా బాగుంది. మూడంటే ఆపద, మనుషుల్ని పంపండి. ఇటునుంచి నాగలత రెండు నొక్కితే, విన్నానని. ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పింది కాదు, ఏ ఆఫీసరూ సంతకం పెట్టింది కాదు. కానీ ఒకసారి ఎలుగుబంటి మీద పడి చెయ్యి చీల్చినప్పుడు బొజ్జయ్య మూడు నొక్కాడు, నాగలత రెండు నొక్కింది, జీపు వెళ్ళింది, మనిషి బతికాడు. అప్పట్నుంచి ఆయన ఆఫీసుకు వచ్చినప్పుడల్లా ఆమెకు ఇప్పపువ్వో, కాలాన్ని బట్టి పుట్టగొడుగులో తెచ్చి బల్ల మీద పెట్టి, మాటామంతీ లేకుండా వెళ్ళిపోయేవాడు.

ఎండాకాలంలో కొత్త సెట్లు వచ్చాయి. ఎంత హడావిడి చేశారని. షామియానా వేశారు, కొబ్బరికాయ కొట్టారు, గుట్ట మీద కొత్తగా లేపిన టవరుకు పసుపు కుంకుమలు పెట్టారు. పోలీసులకూ అడవి వాళ్ళకూ అంబులెన్సుకూ ఇకమీదట ఒకటే డిజిటల్ నెట్‌వర్కు అని పెద్దలు మాట్లాడారు. వాచర్లను ఎండలో వరసగా నిలబెట్టి, చేతుల్లో సెట్లు పెట్టి ఫొటోలు తీశారు. ఫొటో అయ్యాక వాళ్ళను పట్టించుకున్న నాథుడు లేడు.

సెట్లు బిగించడానికి ఖమ్మం నుంచి వచ్చిన టెక్నీషియన్ జయప్రకాశ్ నెమ్మదైన మనిషి. నాగలతకు ఓపిగ్గా అన్నీ చూపించాడు.

"బటన్ నొక్కి పట్టుకోవాలి మేడమ్. బీప్ వచ్చాక మాట్లాడాలి. ఇక రొద ఉండదు. మనిషి మాట తప్ప ఇంకే చప్పుడూ రానీయదు ఇది. ఈ స్క్రీను చూడండి, వాచరు పేరు పక్కన ఆకుపచ్చ చుక్క ఉందంటే లైన్లో ఉన్నట్టు. ఇక మీకు బెంగ లేదు."

ఆ రోజు ఆ గదిలో మొదటిసారి నిశ్శబ్దం వచ్చింది. నాగలతకు ప్రాణం లేచొచ్చింది. గోడ మీద బల్లి అరుపు కూడా వినబడింది ఆమెకు. పాత సెట్టును అటెండరు మోసుకుపోతుంటే, పీడ విరగడైందని నవ్వుకుంది.

బొజ్జయ్యే ఒక్కడు సెట్టును అటూ ఇటూ తిప్పుతూ గుమ్మం దగ్గర నిలబడిపోయాడు.

"ఏంది పెద్దయ్యా, నచ్చలేదా?"

"బరువు తక్కువున్నది బిడ్డా. నా నొక్కుడు దీంట్ల ఇనబడుతదా?"

"ఎందుకు వినబడదు? పాతదానికంటే మంచిది. ఏం మారలేదు పెద్దయ్యా, నువ్వు ఎప్పటిలాగనే చేసుకో."

"అవ్, గట్లనే," అన్నాడు ఆయన. సెట్టును చొక్కా లోపల దాచుకుని వెళ్ళాడు.

ఆమె అబద్ధం చెప్పలేదు. తెలియనిది తెలిసినట్టు చెప్పింది. ముసలాయన భయం పోగొట్టాలన్న ప్రేమతోనే చెప్పింది. పక్క గదిలోకి ఒక సెట్టు తీసుకుపోయి ఒక్కసారి నొక్కి చూస్తే తేలిపోయేది. ఆ పాటి పని ఎవరికీ తట్టలేదు, ఆమెకూ తట్టలేదు. ఎండాకాలమంతా వాచర్లు గుట్టల మీదే తిరిగారు, గుట్టల మీద నుంచి అందరూ మాట్లాడేవాళ్ళే. లొద్దిలోకి దిగే పని ఎవరికీ పడలేదు.

శ్రావణంలో వాన పట్టుకుంది. రెండు రోజులు తెరిపి ఇవ్వలేదు. మూడో రోజు పొద్దున బొజ్జయ్య గుట్ట మీద నుంచి పిలిచాడు. "బిడ్డా, లొద్దిలకు దిగుతున్న. వాగు జూసి నొక్కుత." గొంతు ఎదురుగా కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా వచ్చింది.

నాగలత చప్టా దగ్గరి హోంగార్డుకు చెప్పి, నొక్కుల కోసం కూర్చుంది. నొక్కులు రాలేదు. కొంతసేపు చూసి పిలిచింది. "బొజ్జయ్య పెద్దయ్యా, ఎక్కడున్నవు?" జవాబు లేదు. లొద్దిలో ఉంటే మాట్లాడడు గదా అనుకుంది. మళ్ళీ పిలిచింది. గదిలో బల్లి అరుపే వినబడింది. స్క్రీన్ మీద చూస్తే ఆయన పేరు పక్కన ఆకుపచ్చ చుక్క నిక్షేపంగా వెలుగుతోంది.

అయినా మనసు ఊరుకోలేదు. రేంజి ఆఫీసరు వెంకటప్పయ్య గదిలోకి వెళ్ళి చెప్పింది. ఆయన స్క్రీను దగ్గరికి వచ్చి చూశాడు. చెడ్డవాడు కాదు, కానీ కళ్ళకు కనబడిందే నిజమనుకునే రకం.

"లైన్లోనే ఉన్నాడు కదమ్మా. ఏ బండ కిందో తల దాచుకుని ఉంటాడు. వాన తగ్గితే వస్తాడు."

"నొక్కులు రాలేదు సార్."

"ఇంకా ఆ టిక్కు టిక్కులేంటమ్మా, ఇన్ని లక్షల సిస్టమ్ వచ్చాక? ఆపదుంటే పిలవడా?"

ఆమె వెనక్కి వచ్చి కూర్చుంది. టిఫిను డబ్బా తెరిచింది. ఆ చుక్కను చూస్తూనే అన్నం తిన్నది. తర్వాత తర్వాత ఆమె తనను తాను తిట్టుకున్నదంతా ఆ అన్నం గురించే.

పొద్దు వాలేవేళకు బొజ్జయ్య భార్య కొండమ్మ క్యాంపుకు జొన్నరొట్టెలు తెచ్చింది. మనిషి ఇంకా రాలేదని తెలిసింది. క్యాంపులోని మరో వాచరు ఆ సంగతి పిలిచి చెప్పగానే నాగలత ఆఫీసరు గదిలోకి పరుగెత్తింది. వాగు అప్పటికే బాటను మింగేసింది. చీకటిపడితే దిగే దారి లేదు, తెల్లారే దాకా ఆగాలని ఆఫీసరు తేల్చాడు. నాగలత ఇంటికి వెళ్ళలేదు. సెట్టు పట్టుకుని పిలుస్తూనే ఉంది. చుక్క ఆకుపచ్చగానే ఉంది.

వెలుతురు రాగానే ఊరివాళ్ళు తాళ్ళతో దిగారు. వాళ్ళతోపాటు కొండమ్మా దిగింది. వాగు ఒడ్డున జారిన బండకూ ఇంకో బండకూ మధ్య బొజ్జయ్య కాలు తొడ దాకా ఇరుక్కుని ఉంది. నీళ్ళు రొమ్ము దాకా వచ్చి తీసినట్టున్నాయి, చొక్కా నిండా ఒండ్రు. మనిషి కొనఊపిరితో ఉన్నాడు. సెట్టును తల మీదికి ఎత్తి పట్టుకుని తడవకుండా కాపాడుకున్నాడు. ఆ చేతిని కిందికి దించడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. బొటనవేలు బటన్ మీదే బిగుసుకుపోయి ఉంది.

మంచం మీద వేసి గుట్ట ఎక్కిస్తుంటే ఆయన కొండమ్మతో మాట్లాడాడు. "పిల్ల పిలిచింది. నేను నొక్కిన. మల్ల పిలిచింది. మల్ల నొక్కిన." కొంచెం ఆగి, "ఇని గూడ ఎందుకు పిలుస్తున్నదో," అన్నాడు. భద్రాచలం దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు.

ఆ మాటలు ఊరు దాటి ఆఫీసుకు వచ్చి నాగలత చెవిన పడ్డాయి. ఆమె ఏడ్చింది. కానీ ఏడ్చినకొద్దీ ఒక్కటే పట్టుకుంది ఆమెను: నొక్కాడంట, మరి నాకు ఎందుకు రాలేదు?

ఎంక్వయిరీ అన్నారు. జయప్రకాశ్ మళ్ళీ వచ్చాడు. సెట్టు పనిచేసిందా లేదా అన్నది తేలాలి. బొజ్జయ్య పడ్డ చోటే నిలబడి పిలిచి చూడాలన్నారు. చోటు చూపించడానికి కొండమ్మను తోడు తీసుకుని జయప్రకాశ్, వెంకటప్పయ్య లొద్దిలోకి దిగారు. నాగలత ఆఫీసులో, తన కుర్చీలో కూర్చుంది.

బీప్ వచ్చింది. "హలో మేడమ్. ఆయన ఇరుక్కున్న బండ మీదనే నిలబడ్డాను. వినబడుతోందా?"

మాట వచ్చింది. లొద్దిలోంచి మాట వచ్చింది. రొద లేదు, గుర్రు లేదు, వెనక పారే వాగు చప్పుడు కూడా లేదు. కొత్త టవరు ఎత్తు ఎక్కువ, గుట్ట దానికి అడ్డం కాలేదు. ఇన్నేళ్ళూ మాట రాని ఆ గోతిలోంచి ఇప్పుడు గుసగుసలాడినా వచ్చేది. బొజ్జయ్య ఒక్క మాట అని ఉంటే, అబ్బా అని మూలిగి ఉన్నా, ఆమె వినేది.

"సార్," అన్నది ఎలాగో. "బటన్ ఊరికే నొక్కి వదలండి. మూడుసార్లు."

గది నిశ్శబ్దంగా ఉంది. బల్లి అరిచింది.

"నొక్కారా సార్?"

"నొక్కాను కదా మేడమ్. ఊరికే నొక్కితే ఏం రాదు. బీప్ రాకముందే వేలు తీసేస్తే అది ఎటూ పోదు."

"ఆ సంగతి వాచర్లకు ఎవరు చెప్పారు?"

జయప్రకాశ్ మెల్లగా, "బీప్ వచ్చాక మాట్లాడమని మీకు చెప్పాను. నొక్కుల సంగతి నాకెవరూ చెప్పలేదు మేడమ్," అన్నాడు.

నిజమే, ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది ఆమే. వెంకటప్పయ్య గొంతు మధ్యలో వచ్చింది. ఆ గొంతులో బరువు దిగిన మనిషి తేలిక. "సెట్టులో లోపం లేదు, టవరులో లోపం లేదు. వాడడం రాక జరిగిందని రాసుకుందాం. పాపం ముసలాయన." అందరూ చేతులు దులుపుకుంటున్నారని నాగలతకు తెలుస్తూనే ఉంది. దులుపుకోవడానికి తన చేతులే మిగిలాయి.

అప్పుడు మళ్ళీ బీప్ వచ్చింది. ఎవరో "గట్టిగ పట్టుకో, ఇప్పుడు మాట్లాడు" అంటున్నారు. ఆ వెంటనే కొండమ్మ గొంతు, దగ్గరగా, ఊపిరి పీల్చడం కూడా వినబడేంత దగ్గరగా వచ్చింది.

"బిడ్డా. నా మాట ఇనబడుతున్నదా?"

నాగలత బటన్ నొక్కి పట్టుకుంది. బీప్ దాకా ఆగింది.

"వినబడుతుంది పెద్దమ్మా. బాగా వినబడుతుంది."

"మంచిగ ఇనబడుతున్నదా?"

"మంచిగ వినబడుతుంది."

"మరి మాట్లాడితే ఇనబడుతదని ఆయనకు ఒక్క మాట చెప్పకపోతివి గదనే," అన్నది కొండమ్మ. గొంతులో కోపం లేదు. తెలియక అడుగుతున్నట్టే అడిగింది. "రాత్రంతా నొక్కిండు."

నాగలత నోరు తెరిచింది. విన్నానని చెప్పడానికి అలవాటు కొద్దీ ఆమె బొటనవేలు బటన్‌ను రెండుసార్లు నొక్కి వదిలింది.

తర్వాత మళ్ళీ బీప్ వచ్చింది.

"బిడ్డా," అన్నది కొండమ్మ, "ఇంటున్నవా?"